వార్షిక అనారోగ్య ప్రణాళిక

రాష్ట్ర గోనెసంచుల అభివృద్ధి సంస్థలో ఎవరికైనా జబ్బు చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలన్న నిబంధన వచ్చిన రోజున, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షను సూపరింటెండెంటు ఇప్పిలి సోమలింగం నిలబడి టీ తాగుతున్నాడు. నిలబడి తాగడానికి ఒక కారణం ఉంది. దాచి లాభం లేదు, చెప్పేస్తాను: సోమలింగానికి మొలలు. ఈ సంగతి అతని భార్య నీలవేణికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. అలా తెలియకుండా ఉంచడానికి అతను పడుతున్న యాతన ముందు అసలు జబ్బు ఏపాటిది!

తప్పు పూర్తిగా అతనిది కాదు. సంస్థలోని కుర్చీలకు సంస్థ సరుకే వాడాలని పూర్వం ఒక మేనేజింగ్ డైరెక్టరు ముచ్చటపడ్డారు. దాంతో మెత్తలన్నిటికీ గోనెగుడ్డ తొడిగి, లోపల జనపనార తుక్కు కూరారు. ఆ తుక్కు మొదటి ఏడాదే గట్టిపడింది. సోమలింగం సర్వీసంతా దాని మీదే గడిచింది.

ఇప్పటి మేనేజింగ్ డైరెక్టరు ఏకాంబరం గారు. ‘ఇందుమూలంగా’ అని మొదలుపెట్టకుండా ఇంట్లో మంచినీళ్ళు కూడా అడగరని ఆయనకు పేరు. సిబ్బందికి ఆరోగ్య బీమా చేయించింది ఆయనే. ఆ బీమా కంపెనీవారు ఒక ఉత్తరం రాశారు. ఆస్పత్రిలో చేరదలచినవారు మూడు రోజులు ముందుగా తెలియజేయవలెననీ, చెప్పాపెట్టకుండా వచ్చే జబ్బులు ఎక్కువైతే ప్రీమియం పెరుగుననీ ఆ ఉత్తరం సారాంశం. మరొకరైతే చదివి ఫైల్లో పెట్టేవారు. ఏకాంబరం గారు మాత్రం మీటింగు పెట్టారు.

“ప్రపంచమంతా ప్రణాళికాబద్ధంగా ముందుకు సాగుతున్న తరుణంలో, మన సిబ్బంది ఎవరికి తోచినప్పుడు వారు, ఏ అవయవం పడితే ఆ అవయవానికి జబ్బు తెచ్చుకుంటున్నారు. ఇందుమూలంగా యావన్మందికీ స్పష్టం చేయడమేమనగా, అనుకోకుండా వచ్చేది అనారోగ్యం కాదు. అది క్రమశిక్షణారాహిత్యం.”

వెనక వరుసలోంచి యూనియన్ కార్యదర్శి జోగినాయుడు లేచాడు. “సార్, జ్వరం చెప్పి రాదు కదండీ!”

“అందుకే మీరు చెప్పాలి,” అన్నారు ఏకాంబరం గారు. జోగినాయుడు కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు కాస్త పక్కకి ఒరిగి కూర్చున్నాడు గాని, అప్పటికి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. దాని పేరు వార్షిక అనారోగ్య ప్రణాళిక. ప్రతి ఉద్యోగీ వచ్చే ఏడాది తనకు రాబోయే జబ్బునూ, అది వచ్చే నెలనూ ముందే తెలియపరచాలి. మనిషికి ఒక్కటే జబ్బు. ప్రణాళికలో లేని జబ్బు వస్తే అది అనధికార అనారోగ్యం. బీమా జాబితాలో ఉన్న ఏ రోగానికైనా అనుమతి లేకుండా వైద్యం చేయించుకుంటే, సొంత డబ్బుతోనైనా సరే, సర్వీసు తెగినట్టే లెక్క. సోమలింగం రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళుంది. ఇప్పుడు సర్వీసు తెగితే పెన్షను గాల్లో కలిసిపోతుంది.

అయినా అతనికి ముందు సంతోషమే కలిగింది. మొలలు అని రాసేస్తే సరి, ఏప్రిల్లో ఆపరేషన్ అయిపోతుంది, మేలో హాయిగా కూర్చోవచ్చు అనుకున్నాడు.

వచ్చిన చిక్కల్లా ఆ ప్రణాళిక కాగితంతోనే. టీ డబ్బులకైనా, పదవీ విరమణ సన్మానానికైనా, సంస్థలో సెక్షనుకు ఒకే కాగితం తిరుగుతుంది. ఒకరి కింద ఒకరు రాయాలి. పైన ఎవరేం రాశారో కిందివాళ్ళు చదివి, చర్చించి, నవ్వి, ఆ తర్వాతే తమది రాస్తారు. కాగితం సోమలింగం బల్ల మీదికి వచ్చేసరికి, దానిలో మొదటి పేరు సీనియర్ అసిస్టెంటు జలజాక్షిది. ముత్యాల్లాంటి అక్షరాలతో ‘ఒంటిచెంప తలనొప్పి, ఏప్రిల్’ అని ఉంది. ఆమె ఎదురుగానే నిలబడి, తర్వాత ఎవరికి ఏ జబ్బో అని ఆసక్తిగా చూస్తోంది.

సోమలింగం కలం తీశాడు. ‘మొ’ అన్నంతవరకూ మనసులో వచ్చింది. ఆమె మొహం చూశాడు. చేతికి అలవాటైన పని చెయ్యే చేసేసింది: తలనొప్పి కింద రెండు చిన్న గీతలు గీసి డిటో పెట్టాడు. అతని కింద పేర్లున్నవాళ్ళూ వరుసగా డిటో పెట్టారు. ఆ విధంగా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షను యావత్తూ ఏప్రిల్లో ఒంటిచెంప తలనొప్పితో మంచమెక్కడానికి ఒప్పుకున్నట్టయింది.

ఇంటికెళ్ళి చెబితే నీలవేణి నెత్తి కొట్టుకుంది.

“నిజం రాస్తే ఏం పోయేదండీ?”

“జలజాక్షి చదువుతుందే!”

“చదివితే చదవనీండి. ఆవిడేమైనా చూడబోతుందా?”

నీలవేణి వెళ్ళి బేసిన్లో గోరువెచ్చటి నీళ్ళు పోసి తెచ్చింది. “రండి, కూర్చోండి. వేడినీళ్ళకి మీ ఏకాంబరం గారి అనుమతి అక్కర్లేదు కదా?” అంది. అక్కర్లేదనే సోమలింగం అనుకున్నాడు, అయినా కిటికీ తలుపులు వేసి కూర్చున్నాడు.

సెక్షన్లన్నిటి కాగితాలూ కలిపి చూశాక ఏకాంబరం గారికి కొత్త బాధ పట్టుకుంది. ఒక జూనియర్ టైపిస్టు గుండెజబ్బు రాసుకున్నాడు. చీఫ్ మేనేజరు గారేమో ఆనెకాయ రాశారు. ఇది హోదాలకు భంగం. వెంటనే వర్గీకరణ ఉత్తర్వు వెలువడింది. గుండె, మెదడు, మూత్రపిండాలు గెజిటెడ్ స్థాయి అధికారులకు మాత్రమే. కన్ను, మోకాలు, పిత్తాశయంలో రాళ్ళు, తలనొప్పి గుమాస్తాలకు. మేనేజింగ్ డైరెక్టరు హోదాకు తగినట్టు ఏకాంబరం గారు తనకు గుండెనే కేటాయించుకున్నారు. యూనియన్ వాళ్ళు గేటు ముందు టెంటు వేసి, ‘గుండె అందరికీ ఒక్కటే’ అని మధ్యాహ్నం దాకా నినాదాలిచ్చి భోజనానికి వెళ్ళారు.

ఇంకా బీమా జాబితాలో ఎవరూ కోరుకోని రోగాలు కొన్ని మిగిలిపోయాయి. ప్రీమియం కట్టిన రోగాన్ని వాడకపోతే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. కాబట్టి మిగిలినవాటిని అటెండర్లకూ వాచ్‌మెన్లకూ పంచారు. మర్నాడు అటెండరు సింహాచలం తన ఉత్తర్వు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఈ మధ్య అతను మెట్ల మలుపు దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుని గాని రెండో అంతస్తుకు రాలేకపోతున్నాడు. ఆ ఆగడం సోమలింగానికి తన గదిలోకి వినిపిస్తూనే ఉంటుంది.

“బాబూ, నాకేటో జబ్బు శాంక్షన్ సేసినారంట. సదివి సెప్పండి.”

సోమలింగం కాగితం తీసుకున్నాడు. ‘మొలలు’ అని స్పష్టంగా టైపు కొట్టి ఉంది. అతను మళ్ళీ మళ్ళీ అదే చదివాడు.

“ఏటి బాబూ, పెద్దదా?”

“మొలలట సింహాచలం.”

సింహాచలం పకపకా నవ్వాడు. “కూకున్నోడికి కదా బాబూ అది! నన్నెవులు కూకోనిచ్చారు?” నవ్వుతూనే ఛాతీ మీద చెయ్యి వేసి రాసుకున్నాడు. సోమలింగం అప్పుడది సరిగ్గా చూడలేదు. అతని కళ్ళు ఆ కాగితం మీదే ఉన్నాయి. తనకు కావలసిన ఒకే ఒక్క జబ్బు, అక్కరలేనివాడి చేతిలో ఉంది.

ఏప్రిల్లో సోమలింగాన్ని బీమా ఆస్పత్రికి పంపారు. పడుకోబెట్టి, తల స్కానింగు తీసి, పెద్ద డాక్టరు గారు ఫిల్ము వెలుతురుకు పట్టి చూశారు.

“మీ తల భేషుగ్గా ఉందండీ.”

“తల బాగానే ఉంది డాక్టరు గారూ. బాధ కింద.”

“ఎంత కింద?”

సోమలింగం చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. డాక్టరు గారు మంచివారే. పరీక్ష చేద్దామని లేచారు కూడా. పక్కనున్న బీమా డెస్కు కుర్రాడు కంప్యూటరు చూసి ఆపేశాడు. “సార్, ఈ పేషెంటుకు మెడ వరకే అనుమతి ఉంది. అంతకు కిందిది వేరే ఉద్యోగి పేర వస్తుంది.” డాక్టరు గారు తిరిగి కూర్చుని తలనొప్పి మాత్రలు రాశారు. సోమలింగం తనకు మంజూరైన మూడు రోజులూ బోర్లా పడుకుని, నాలుగో రోజు పూర్తి ఆరోగ్యవంతుడుగా ధ్రువీకరణ పొంది, నొప్పితో ఇంటికి వచ్చాడు.

వేసవి పోయి వానలు వచ్చేసరికి పథకం పూర్తి స్థాయిలో నడుస్తోంది. నిక్షేపంలాంటి మనుషులు తమ నెల రాగానే పక్క గుడ్డలు సర్దుకుని ఆస్పత్రికి పోయేవారు. క్యాషియరుకు పిత్తాశయంలో రాళ్ళు లేవని ఆస్పత్రివారు రాస్తే, అతనికి మెమో వచ్చింది. జ్వరాలతో ఒళ్ళు కాలిపోతున్నవాళ్ళు మాత్రం శాలువా కప్పుకుని ఆఫీసుకు వచ్చి, అటెండెన్సు రిజిస్టర్లో వణుకుతున్న సంతకాలు చేసేవారు. గోనెసంచుల ఆర్డర్లు బల్లల మీద పేరుకుపోయాయి. పని చేయగలిగినవాళ్ళంతా పడకల మీద ఉన్నారు మరి. ప్రీమియం మాత్రం పెరగలేదు. ఈ విజయానికి ఏకాంబరం గారిని రాజధానిలో సన్మానించారు. ఆ సభలో సన్మానం జరిగినంతసేపూ ఆయన నిలబడే ఉన్నారని, అంత వినయం ఎక్కడా చూడలేదని పత్రికల్లో వచ్చింది.

చివరికి జోగినాయుడికి ఒక ఆలోచన తట్టింది. విజయనగరంలో ఉన్నవాడు పార్వతీపురానికీ, పార్వతీపురంలో ఉన్నవాడు విజయనగరానికీ ఒకరి బదులు ఒకరు బదిలీ కావచ్చు కదా. జబ్బులెందుకు కాకూడదు? యూనియన్ గట్టిగా పట్టుబడితే ఏకాంబరం గారు ఆశ్చర్యకరంగా వెంటనే ఒప్పుకున్నారు. ఒకే స్థాయి జబ్బులున్న ఇద్దరు ఉద్యోగులు ఉభయుల అంగీకారంతో మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ చేసుకోవచ్చునని ఉత్తర్వు ఇచ్చారు. ఎవరికీ అర్థం కానిదల్లా ఒక్కటే: ‘మొలలు మాత్రం ఏ స్థాయివారైనా పొందవచ్చును’ అని దాని చివర మినహాయింపు ఒకటి ఉంది.

సోమలింగానికి ప్రాణం లేచొచ్చింది. ఆదివారం ఉదయమే కాఫీ కూడా తాగకుండా సింహాచలం ఇంటికి బయల్దేరాడు. “జలజాక్షి చూస్తే?” అంది నీలవేణి నవ్వుతూ. “చూడనీ,” అన్నాడు గాని, సందుల వెంట తిరిగి వెళ్ళాడు.

సందు మొగలోనే సంస్థ జీపు కనిపించింది. అనుమానంగా సందులోకి తొంగి చూస్తే సింహాచలం ఇంటి అరుగు మీద సగం ఆఫీసు ఉంది. చీఫ్ మేనేజరు గారు ఉన్నారు. క్యాషియరు ఉన్నాడు. జోగినాయుడు ఉన్నాడు. తలకు చీర కొంగు కప్పుకుని జలజాక్షి కూడా ఉంది. సింహాచలం భార్య గౌరమ్మ పక్కింటివాళ్ళనడిగి పెద్ద బెంచీ, రెండు నులక మంచాలు తెచ్చి వేసింది. “కూకోండి బాబూ, కూకోండమ్మా,” అని బతిమాలుతోంది. బెంచీ ఖాళీగా ఉంది. మంచాలు ఖాళీగా ఉన్నాయి. అందరూ నిలబడే ఉన్నారు.

సోమలింగం చూశాడు. అందరూ సోమలింగాన్ని చూశారు. ఇన్నేళ్ళూ పక్కపక్క బల్లల దగ్గర ఎవరి గుట్టు వాళ్ళు కడుపులో పెట్టుకుని ఒకే గోనెమెత్తల మీద కూర్చున్న మనుషులు, మొదటిసారి ఒకరినొకరు పూర్తిగా అర్థం చేసుకున్నారు. జలజాక్షి మొహం తిప్పుకుంది. సోమలింగానికి నవ్వూ, జాలీ రెండూ కలిగాయి.

అప్పుడే లోపలి గదిలోంచి ఏకాంబరం గారు బయటికి వచ్చారు. ఆయన కూడా నిలబడే మాట్లాడి వచ్చినట్టున్నారు.

సింహాచలం గడప పట్టుకుని మెల్లగా వెనక వచ్చాడు. సోమలింగాన్ని చూడగానే మొహం వికసించింది. “సూపరెండు బాబొచ్చీసినారు! అయ్యలారా, ఏటనుకోకండి. నా పెళ్ళానికి పురుడు కష్టమైనప్పుడు ఈ బాబే పెద్దాసుపత్రికి రిక్షాలో తీసుకెల్లినారు. నా జబ్బు బాబుకే ఇచ్చేస్తాను.”

అంతమాట అనేసరికే ఆయాసం వచ్చి గడప మీద కూలబడ్డాడు. అరుగు మొత్తం మీద కూర్చున్నది అతనొక్కడే. చెయ్యి మళ్ళీ ఛాతీ మీదికి పోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి.

“రేత్రిళ్ళు పడుకోలేకపోతన్నాడు బాబూ,” అంది గౌరమ్మ. “ఆసుపత్రికెల్దామంటే, గుండె మన గ్రేడుకి రాదు, ఉద్యోగం పోతాది అంతన్నాడు.”

సోమలింగం ఈసారి సరిగ్గా చూశాడు. మెట్ల మలుపు దగ్గర రోజూ ఆగే ఆ అడుగులు గుర్తొచ్చాయి. తను విన్నాడు. విని ఊరుకున్నాడు. అతనికి సిగ్గేసింది. మొలల గురించి ఇన్నాళ్ళూ పడ్డ సిగ్గు కాదిది, వేరే సిగ్గు.

జేబులో మ్యూచువల్ దరఖాస్తు ఉంది. సంతకం పెట్టించుకుంటే వారంలో తన బాధ తీరిపోతుంది. సింహాచలానికి మిగిలేది ఒంటిచెంప తలనొప్పి. సోమలింగం దరఖాస్తు మడిచి జేబులో ఇంకా లోపలికి తోసేశాడు.

“సార్,” అన్నాడు ఏకాంబరం గారితో. “తమ పేర ఉన్నది గుండె కదండీ?”

“అవును. ఇందుమూలంగా నేను...” ఏకాంబరం గారు అరుగు మీదున్నవాళ్ళందరినీ చూసి గొంతు బాగా తగ్గించారు. “నాకు దాని అవసరం లేదయ్యా.”

“సింహాచలానికి ఉంది సార్. తమరు ఇతనిది తీసుకోండి. ఇతనికి తమది ఇవ్వండి.”

“ఎలా ఇస్తాను? గుండె గెజిటెడ్ వ్యాధి! అటెండరుకు ఇచ్చే అధికారం నాకే కాదు, ప్రభుత్వానికే లేదు.”

సోమలింగం సర్వీసంతా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో గడిపినవాడు. “ఇవ్వొద్దు సార్. ఇన్‌చార్జి వేయండి. పై పోస్టు ఖాళీ అయితే కిందివాణ్ణి ఇన్‌చార్జి వేస్తాం కదండీ? తమరు మొలల మీద వెళ్ళారు గనుక గుండె ఖాళీ అయింది. ఆఫీసు ప్రయోజనాల దృష్ట్యా, తదుపరి ఉత్తర్వుల వరకు, సింహాచలాన్ని గుండెజబ్బుకు పూర్తి అదనపు బాధ్యతలతో ఇన్‌చార్జిగా నియమిస్తున్నాం. అదనపు వేతనం లేదు.”

ఏకాంబరం గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రభుత్వ భాష ఇంత అందంగా ఉండగలదని ఆయన అనుకోలేదు. సోమలింగం అక్కడే గోడకు కాగితం ఆనించి నోటు రాశాడు. ఏకాంబరం గారు అతని వీపు మీద పెట్టి సంతకం చేశారు. జీపులో సింహాచలాన్ని ఎక్కించారు. అతను కిటికీలోంచి తల బయట పెట్టి, “మరి మీకో బాబూ?” అన్నాడు. “నాకేం, నిలబడడం అలవాటే,” అన్నాడు సోమలింగం. అబద్ధం గాని, ఆ మాట అన్నందుకు మాత్రం అతనికి సంతోషంగానే ఉంది.

సింహాచలానికి ఆపరేషన్ అయింది. ఇంకో వారం ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టర్లు చెప్పారు. ఏకాంబరం గారికీ ఆపరేషన్ అయింది. సోమలింగం మాత్రం ఆ ఏడాదంతా బీరువా పక్కన నిలబడే ఫైళ్ళు రాశాడు.

మళ్ళీ ప్రణాళిక కాగితం వచ్చింది. ఈసారి సోమలింగం దాన్ని జలజాక్షి కంటే ముందే లాక్కుని, మొదటి వరుసలో తన పేరు రాసి, దాని ఎదురుగా పెద్ద అక్షరాలతో ‘మొలలు, ఏప్రిల్’ అని రాశాడు. రాసి, ఎదురుగా ఉన్న జలజాక్షి చేతికే ఇచ్చాడు. ఆమె చదివింది. తలొంచుకుని, కలం తీసి, కింద రెండు చిన్న గీతలు పెట్టింది. కాగితం ఆ గది దాటి, మెట్లు దిగి, అకౌంట్సుకు, స్టోర్సుకు, చీఫ్ మేనేజరు గారి గదికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పటికి పై వరుస తప్ప మిగతా అంతా డిటోలే.

బీమా కంపెనీ నుంచి ఘాటైన జవాబు వచ్చింది. ఒక సంస్థలో సిబ్బంది యావన్మందికీ ఒకే రోగం, ఒకే నెలలో రావడం అంటువ్యాధి లక్షణమనీ, అంటువ్యాధులు పాలసీ పరిధిలోకి రావు గనుక మొలలను జాబితా నుంచి శాశ్వతంగా తొలగించడమైనదనీ రాశారు. ఆ ఉత్తరం చదివి సెక్షనంతా తలలు పట్టుకుంది. “ఇంక మనకి దిక్కేదండీ?” అంది జలజాక్షి, మొదటిసారి గుట్టు లేకుండా.

సోమలింగం పాత సర్క్యులర్ బయటికి తీసి మెల్లగా చదివాడు. మళ్ళీ చదివాడు. “బీమా జాబితాలో ఉన్న ఏ రోగానికైనా కదమ్మా అనుమతి కావాలి?” అన్నాడు. “ఇది ఇప్పుడు జాబితాలో లేదు. జాబితాలో లేని రోగం రోగమే కాదు. రోగం కానిదానికి ఎక్కడికెళ్ళి వైద్యం చేయించుకుంటే ఎవరికి బాధ?”

మర్నాడు ఒక్కరోజు సెలవు పెట్టి, నీలవేణిని వెంటబెట్టుకుని సిటీ బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్ళాడు. అక్కడి లేడీ డాక్టరు ఏ కాగితమూ అడగలేదు. పడుకోమంది, చూసింది, “ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారండీ, చిన్నపని కదా!” అని కేకలేసింది. సోమలింగం ఆ కేకలు ఆనందంగా విన్నాడు. మధ్యాహ్నానికి పని అయిపోయింది.

గాయం మానాక ఒక ఉదయం సోమలింగం తన గదిలోకి వచ్చి, కుర్చీ ముందుకు లాగి, గోనెమెత్త తీసి మూలకు విసిరేశాడు. నీలవేణి కుట్టిచ్చిన బూరుగుదూది దిండు వేసుకుని, నెమ్మదిగా కూర్చున్నాడు. సెక్షను మొత్తం నిలబడి చూసింది. జలజాక్షి ఆ ఆసుపత్రికి ఏ నంబరు బస్సు వెళుతుందో అడిగి రాసుకుంది.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. సోమలింగం చెవి అటే పడేశాడు. అడుగులు మలుపు దాకా వచ్చాయి. మలుపు దగ్గర ఆగలేదు. అదే వేగంతో పైకి వచ్చేశాయి. సింహాచలం ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో ఏదో కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“కూకున్నారా బాబూ!”

“కూర్చున్నాను సింహాచలం.”

సింహాచలం టీ బల్ల మీద పెట్టి కాగితం అందించాడు. ఏకాంబరం గారి కొత్త సర్క్యులర్. ఇందుమూలంగా, సంస్థలో ప్రస్తుతం కూర్చోగలుగుతున్న సిబ్బంది పేర్లు, అందుకు వారు పొందిన అనుమతి వివరాలు సాయంత్రంలోగా పంపాలట. సోమలింగం దాన్ని నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద మరక పడకుండా టీ గ్లాసు కింద వేశాడు.

“ఇంకో గ్లాసు తెచ్చుకో సింహాచలం. ఆ బెంచీ ఇలా లాగి నువ్వూ కూర్చో,” అన్నాడు.